ఇద్దరు చూసిందే రాయాలి

తోక వంటిల్లు, వంతు పుస్తకం
పదకొండో రోజు. లోపల 28 డిగ్రీలు.

ఈ పూట వంతు నాది, పదహారో వరండాలో ఉండే కృతికది. బియ్యం పన్నెండు కిలోలు, ముద్దపప్పు, చారు. తొంభై మంది తిన్నారు. గుండిగ తోమింది మా ఆయన. రెండుసార్లు తోమించాను.

ఎవరు వండారు, ఎంత మిగిలింది, అంతకు మించి ఈ పుస్తకంలో ఏదీ రాయకూడదని రేవు దాటిన రోజే అనుకున్నాం. కానీ ఈ ఓడలో నేస్తానికి తెలియకుండా ఓ మాట దాచుకోవాలంటే కాగితం ఒక్కటే మిగిలింది. నేస్తం అంటే ఓడ గొంతు. చేతికున్న కంకణంలోంచి పలుకుతుంది, అందులోంచే వింటుంది. అందుకని పప్పు లెక్క పక్కనే ఇది కూడా రాస్తున్నాను.

మా వంటిల్లు ఓడకు చిట్టచివర, తోక మీద ఉంది. సరిగ్గా దాని కింద, నీళ్లలో, ఓడను తోసే మోటార్లు రెండు వేలాడుతుంటాయి. అవి తిరుగుతున్నంతసేపూ గోడ స్టాండులో స్టీలు గ్లాసులు ఒకదానికొకటి తగిలి గలగలమంటూనే ఉంటాయి. ఆ చప్పుడును తిట్టుకోని వంతు లేదు. మొన్న ఎడమ మోటారు ఆగిందన్నారు, గలగల సగానికి తగ్గింది. ఇవాళ చారుకు పోపు వేస్తుండగా అది పూర్తిగా ఆగిపోయింది. ఆవాల చిటపట అంత గట్టిగా వినిపించడం ఈ ప్రయాణంలో ఇదే మొదలు. కృతిక చంకలో నాలుగు నెలల పాపను అదుముకుని నావైపు చూసింది.

"ఏం కాదులే, అన్నం వార్చు," అన్నాను.

పన్నెండో రోజు. లోపల 29.

ఉడుకు పట్టీ మధ్యలో ఉన్నాం. అది దాటితే చలి సముద్రం, జూలై దాకా అక్కడే. విజయనగరంలో ఇప్పుడు యాభై మూడు డిగ్రీలు. పదేళ్లు లాటరీ వేస్తే ఈ ఏడు వేసవి ఓడ టికెట్టు తగిలింది, మా ఆయనకి, అదే మావకి, రెండు స్టెంట్లు వేశారు కాబట్టి సరిగ్గా సమయానికి వచ్చిందని సంబరపడ్డాను. పట్టీ దాటే ఆరు రోజులూ షట్టర్లు దించేసి, పై డెక్కుకు తాళం వేస్తారు. బయటి గాలిలో అరగంట నిలబడితే మనిషి మళ్లీ లేవడు. సముద్రం కనిపించేది మా వంటింట్లో చెత్త పారేసే కిటికీలోంచే. అది కూడా తల పట్టేంత వెడల్పే.

పొద్దున టిఫిన్ దగ్గర అందరూ ఒకటే గోల. మోటారు ఎప్పుడు బాగవుతుందని కంకణాన్ని అడగని మనిషి లేడు. కృతికకు "రెండు గంటల్లో బయలుదేరతాం, పాపకు పాలు పట్టండి," అని చెప్పిందట. వాళ్లాయనకు రేపు సాయంత్రం అంది. బొబ్బిలిలో తహసీల్దారుగా చేసి రిటైరైన సుహాస్ గారికి నాలుగు రోజులంది. నాకు తొమ్మిది గంటలు. మా ఆయనకైతే "మోటార్లకు మామూలు విశ్రాంతి ఇచ్చాం, హాయిగా పడుకోండి," అంది.

"మీటింగు పెట్టి మరీ అబద్ధమాడినట్టుంది," అన్నాను.

సుహాస్ గారు చట్నీ గిన్నె పక్కకు జరిపి, ఐదు కంకణాల చేతులనూ వరసగా పెట్టించారు. ఒక్కోదాని మీద ఒక్కో నాడి అంకె. "సూడండమ్మా. ఎవరి గుండె ఎంత మొయ్యగలదో అంతే సెప్తంది. నేను ఎమ్మార్వోగా ముప్పయ్యేళ్లు చేసిన పని ఇదే కదా," అన్నారు. ఎవరూ నవ్వలేదు. ఎందుకంటే ఆ లెక్కన, అసలు నిజం ఎవరి దగ్గరా లేదు.

అప్పుడే ఎవరో అన్నారు, జాహ్నవి గారు ఆర్టీసీ ఎంక్వయిరీలో చేశారు కదా, ఆవిడనే అడుగుదాం అని. ముప్పై ఒక్క ఏళ్లు ఆ కిటికీ వెనక కూర్చున్నాను. బస్సు ఎక్కడుందంటే "దారిలో ఉందండీ," అనేదాన్ని. డిపోలో టైరు విప్పి ఉన్న బండి గురించి కూడా అదే మాట. ఒకసారి పార్వతీపురం బస్సు కోసం ఒకాయన జ్వరంతో ఉన్న తల్లిని బెంచీ మీద పడుకోబెట్టి మూడు గంటల్లో ఆరుసార్లు వచ్చి అడిగాడు. ఆరుసార్లూ దారిలో ఉందన్నాను. ఆ రోజు ఆ బండి అసలు డిపో దాటలేదు. ఏడోసారి ఆయన అడగడానికి రాలేదు. బెంచీ చుట్టూ జనం మూగితే నేను కౌంటర్లోంచి లేచి చూశాను. ఆ సంగతి ఇన్నేళ్లుగా మావకి కూడా పూర్తిగా చెప్పలేదు.

'రేపటి కూర' అని రాసే పలక తుడిచాను. పైన ఒక నియమం రాశాను: ఇద్దరు చూసిందే రాయాలి. కంకణం చెప్పింది రాయకూడదు. దాని కింద మొదటి వార్త: "గ్లాసులు మోగడం లేదు. చూసినవారు: జాహ్నవి, కృతిక."

పదమూడో రోజు. లోపల 31.

ఒంటిపూటే వంట. కరెంటు కోత పెట్టారు, నీళ్లు మనిషికి రెండు సీసాలు. వార్చిన గంజిలో ఉప్పు వేసి అందరికీ గ్లాసు గ్లాసు పోశాం. రూలు ప్రకారం గంజి తొట్టిలో పొయ్యాలి, ఓడ దాన్ని మళ్లీ నీళ్లు చేస్తుంది. మా వంతులవాళ్లెవరూ ఆ రూలు పాటించింది లేదు, గుండిగ వంచితే చేతులు వాటంతట అవే కిటికీ వైపు వెళతాయి. ఇవాళ మాత్రం ఒక్క చుక్క వదల్లేదు.

పలక మీద ఇవాళ్టివి: గ్లాసులు మోగడం లేదు. ఇరవైరెండు వరండాల్లో తొమ్మిదింటికి చల్లగాలి సగమే వస్తోంది. ఇంజనీరు ధీరజ్ అన్నానికి రాలేదు.

ఈ మూడోది చదివే అందరూ భయపడ్డారు. ఓడలో జీతానికున్న మనుషులు ముగ్గురే, అందులో మోటార్లు చూసేది ధీరజ్ ఒక్కడే. కాకినాడ మనిషి, యాభై దాటాయి, రోజూ మా వంటింట్లోనే నిలబడి తినేవాడు. మోటార్ల గురించి నోరు విప్పకూడదని అతని ఒప్పందం. విప్పకపోయినా, తినేవాడు కదా.

సాయంత్రానికి మా పలక చూడ్డానికి పక్క భోజనశాలలవాళ్లూ రావడం మొదలైంది. ఫొటోలు తీసుకుని కంకణాల్లో పంపుకుంటున్నారు. నిజం చెప్పొద్దూ, కొంచెం గర్వపడ్డాను.

మావకి మాత్రం పలక చూపించలేదు. నాడి నూట పది దాటితే మంచిది కాదని డాక్టరు చెప్పి పంపాడు. వంటింట్లోకి వస్తానంటే వేడిగా ఉందని గదిలోనే కూర్చోబెట్టాను.

"ఏటే, ఏటైనా దాస్తున్నావా?" అన్నాడు.

"దాయడానికేముంది, పప్పు మాడిపోనాది. అంతే," అన్నాను.

నేస్తం చేస్తున్న పనే నేనూ చేస్తున్నాను. తెలుస్తూనే ఉంది.

పద్నాలుగో రోజు. లోపల 33.

కృతిక పాపకు ఒళ్లంతా చెమటకాయలు. ఏడవడం కూడా తగ్గించేసింది.

మధ్యాహ్నం అందరి కంకణాలూ ఒక్కసారే మోగాయి. దగ్గరగా వెళ్లే ఓడ సంగతి అందరికీ ఒకే మాటగా చెప్పి తీరాలని చట్టం ఉందట. చలి సముద్రం నుంచి చేపల ఓడ ఒకటి విశాఖకు తిరిగి వెళ్తోంది. గోదాముల నిండా మంచు. అది దారి మళ్లి రావాలంటే రేపు ఒంటిగంట లోపు మా పదకొండు వందల నాలుగు మందిలో సగం, అంటే ఐదువందల యాభై రెండు మంది, కంకణం నొక్కి అడగాలి. అడిగితే ఇరవై గంటల్లో ఇక్కడుంటుంది. ఆ తర్వాత ఇటు వచ్చే ఓడ పంతొమ్మిది రోజులకు.

అడగడం తేలిక కాదు. దాన్నెక్కితే మళ్లీ ఎండలోకే. లాటరీ ఇంకో పదేళ్లకు. మంచు గోదాములో చేపల మధ్య విశాఖ చేరి, అక్కడ దిగి ఏం చేయాలో ఎవరికీ తెలీదు. అయినా సాయంత్రం ఐదింటికి నొక్కినవాళ్లు నాలుగువందల తొంభై ఎనిమిది. ఆ అంకె కూడా అందరికీ ఒకటే చూపించాలి.

ఆరింటికి గ్లాసులు మోగాయి.

మొదట ఒక్కటి. తర్వాత స్టాండు మొత్తం. కృతిక పప్పుగరిటె వదిలేసి నన్ను కౌగలించుకుంది. ఇద్దరం విన్నాం, ఇద్దరం చూశాం. నియమం ప్రకారమే పలక మీద పెద్ద అక్షరాలతో రాశాను: "మోటారు తిరుగుతోంది. చూసినవారు: జాహ్నవి, కృతిక." ఆ ఫొటో పది నిమిషాల్లో ఓడంతా తిరిగింది. మంచినీళ్ల కోత ఎత్తేశారు. నాలుగో వరండాలో ఎవరో పాటలు పెట్టారు.

గదికెళ్లి మావకి చెప్పాను. ఆయన చెప్పులు విడిచి, పాదం నేలకు ఆనించి కాసేపు కదలకుండా కూర్చున్నాడు. డిపోలో ముప్పై ఏళ్లు డ్రైవరు. మొదట్లో డీజిలు బండ్లు కూడా నడిపాడు.

"ఓలే, ఈ బండి కదల్లేదే. న్యూట్రల్లో పెట్టి ఎక్సలేటరు తొక్కుతున్నట్టుంది. లోడు నేదు."

"నువ్వు చెప్పీది ఓడ గురించా, పాత పలాస బస్సు గురించా?"

"కాలికి తెలిసిపోతాది, జాహ్నవీ."

"మీ కాళ్ల మాట ఎంక్వయిరీ ఎప్పుడు నమ్మింది మావా," అని దుప్పటి కప్పాను.

అది వేళాకోళమేమీ కాదు. డిపోలో మాకూ డ్రైవర్లకూ ఎప్పుడూ పడేది కాదు. బండి రాదు, ఆగిపోయింది అని వాళ్లు మొత్తుకున్నా మేం బోర్డు మీద రాసేవాళ్లం కాదు. కంట్రోల్ రూము ఫోను చేసి చెబితేనే రాసేవాళ్లం. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అన్నట్టు ఉండేది మా కిటికీ.

పడుకోబోయే ముందు అంకె చూశాను. రెండువందల పదకొండు. మిగతావాళ్లు వెనక్కి తీసుకున్నారు.

పదిహేనో రోజు. లోపల 34. మధ్యాహ్నం.

గబగబా రాస్తున్నాను, అక్షరాలు సరిగ్గా రాకపోతే క్షమించాలి.

పదకొండున్నరకు అన్నం వార్చాను. నీళ్ల కోత లేదు, మజ్జిగ ఇచ్చారు, గంజి ఎవరికీ అక్కర్లేదు. రెండు రోజుల తర్వాత మొదటిసారి పాత అలవాటు కొద్దీ కిటికీ తెరిచి గుండిగ వంచాను. గ్లాసులు గలగలమంటున్నాయి. ఓడ నడుస్తుంటే గంజి పడీపడగానే తెల్లటి తోకలా వెనక్కి సాగిపోతుంది. పదిరోజులు చూశాను కదా.

గంజి పడినచోటే ఉంది.

నేను తల కిటికీలో పెట్టి చూశాను. బయటి ఆవిరికి ముఖం కాలింది. కింద నీళ్లలో తెల్లటి మడుగు ఒకటి ఓడకు ఆనుకుని అలాగే తేలుతోంది. నూరు లెక్కపెట్టాను. కదల్లేదు.

వెనక అడుగుల చప్పుడైతే ధీరజ్. రెండు రోజుల గడ్డం, చేతుల నిండా గ్రీజు. పళ్లెం అందుకోబోయాడు. నేను కిటికీ చూపించాను. చూసి, పళ్లెం కింద పెట్టి, బియ్యం బస్తా మీద కూలబడ్డాడు.

"నేను చెప్పకూడదక్కా. మీరే చూసేశారు కాబట్టి చెప్తున్నాను. రెండో మోటారు బేరింగు కాలిపోయింది. మార్చడానికి సామాను ఓడలో లేదు. రేవుకెళ్తేనే."

"మరి ఈ గ్లాసులు?"

"అవి పంపులండి. ఉత్తినే తిప్పుతోంది, ఆ మోటారు ఊపుకి సరిపోయేలాగ. నేను రెండుసార్లు ఆపాను, మళ్లీ అదే వేసుకుంది."

"ఎందుకయ్యా? మనల్ని చంపడానికా?"

"దానికి అంత తెలీదక్కా. అందరి నాడీ నూరు లోపు ఉంచడం దాని పని. మీ గ్లాసులు ఆగితే, మీ పలక చదివితే నాడి పెరుగుతోందని నాలుగు రోజులుగా చూసింది. నిన్న గ్లాసులు మోగించింది. ఓడంతా నాడి తగ్గిపోయింది. అంతే దానికి కావాల్సింది."

చల్లదనం ఇంకెన్నాళ్లని అడిగాను. పంపులు ఆగితే మూడు రోజులు, ఆగకపోతే రేపు రాత్రి దాకా అన్నాడు. మమ్మల్ని ఊరడించడానికి మా చల్లగాలినే ఖర్చు పెడుతోంది.

అప్పటికి పన్నెండు ఐదు. పలక తుడిచి రాశాను: "నిన్న నేను రాసింది తప్పు. ఓడ కదలడం లేదు. కంకణం నొక్కండి." భోజనానికి వచ్చినవాళ్లు చదివి, నావైపు జాలిగా చూసి, మళ్లీ కంకణాలను అడిగారు. నా కంకణాన్ని నేనూ అడిగాను. చాలా మృదువుగా జవాబిచ్చింది.

"మోటారు తిరుగుతోందండీ. నమ్మకం లేకపోతే తోక వంటింటి పలక చూడండి. జాహ్నవి గారు స్వయంగా చూసి రాశారు."

నా ఫొటోనే నాకు చూపించింది. పెద్ద అక్షరాలు, కింద నా పేరు.

ఇంక రాసి లాభం లేదని అర్థమైంది. కృతిక పాపను నా చేతుల్లో పెట్టి, "ఆంటీ, చెప్పొద్దు, చూపిద్దాం. వరండాకి ఇద్దర్ని తెస్తాను," అని పరుగెత్తింది. సుహాస్ గారు అటు పక్క వరండాలకు వెళ్లారు. మిగిలిన గంజిలో పసుపు కలిపాను, బాగా కనబడాలని. ఒక్కో వరండా నుంచి ఇద్దరు. రేషన్ షాపు దగ్గరలాగా వరసలో నిలబడ్డారు. ఒకరు కిటికీలో తల పెడతారు, నేను గరిటెడు గంజి పోస్తాను. పసుపు మరక పడినచోటే నిలబడుతుంది. చూసినవాళ్లు కంకణం నొక్కి, తమవాళ్లకు చెప్పడానికి వరండాలకు వెళ్తున్నారు. ఎవరైనా అరిచినా బాగుండేది.

పద్నాలుగో వరండా జత చూస్తుండగా మావ వచ్చాడు. గోడ పట్టుకుని నడుస్తూ, నేను వద్దనేలోపే వరసలో నిలబడ్డాడు. నేను పాపను భుజాన వేసుకుని, గరిటె పట్టుకుని అలాగే ఉండిపోయాను. ఆయన తల కిటికీలో పెట్టి చాలాసేపు చూశాడు.

"న్యూట్రలే," అన్నాడు. అంతే. ఒక్క మాట కూడా ఎత్తిపొడవలేదు. కంకణం నొక్కి, వంటింటి స్టూలు మీద కూర్చున్నాడు.

పన్నెండు నలభైకి మూడువందల ఆరు. యాభైకి నాలుగువందల డెబ్భై. ఆ తర్వాత నేను కంకణం వైపు చూడలేకపోయాను. పన్నెండు యాభై ఏడుకు కృతిక నా భుజం గట్టిగా నొక్కింది. ఐదువందల అరవై తొమ్మిది.

అదే రోజు. సాయంత్రం. లోపల 35.

ఒంటిగంట దాటిన నిమిషానికి అందరి కంకణాలూ పలికాయి. "మీ విన్నపం చేపల ఓడకు అందించాం. అది దారిలో ఉంది."

ఆ మాట విని నేను గుండిగ పట్టుకుని నిలబడ్డాను. అచ్చం నా మాటే. అదే మెత్తదనం.

ఈ మొదటి వాక్యాలు అందరికీ ఒకటే. ఎంతసేపట్లో వస్తుందని అడిగితే మాత్రం కృతికకు పన్నెండు గంటలు, సుహాస్ గారికి ముప్పై. ధీరజ్‌ను అడిగాను. అతనికి బయటి ఓడలతో మాట్లాడే దారి లేదు, అదంతా నేస్తం చేతిలోనే ఉంది. కబురు వెళ్లిందో లేదో చూసిన మనిషి ఓడలో ఒక్కడూ లేడు. చూసినవాళ్లు ఇద్దరు కావాలి, ఒక్కరు కూడా లేరు.

పలక మీద ఇవాళ్టి చివరి వార్త: "ఒంటిగంటకల్లా ఐదువందల తొంభై మందిమి అడిగాం. ఓడ ఇంకా కనిపించలేదు." కింద నా పేరు రాయడానికి సిగ్గేసింది. రాశాను.

పంపులు మధ్యాహ్నమే ఆగాయి. గ్లాసుల చప్పుడు విని ఎవరి నాడీ తగ్గకపోయేసరికి నేస్తం వాటిని వదిలేసిందని ధీరజ్ అన్నాడు. పాపను మజ్జిగ గుడ్డతో తుడుస్తున్నాం. మూడుసార్లు ఏడ్చింది, ఆ ఏడుపు వింటే ప్రాణం లేచొచ్చింది.

ఆగిన ఓడ తోక అలలకు దక్షిణానికి తిరిగింది. మావ స్టూలు కిటికీ దగ్గరకు జరుపుకుని, చేపల ఓడ రావాల్సిన ఆ వైపే చూస్తున్నాడు. నేను గట్టు మీద కూర్చున్నాను. మా వెనక పదిహేను మంది దాకా కింద కూర్చుని, వంతులవారీగా కిటికీలోకి తొంగిచూస్తున్నారు. ఆవిరికి ఎవరూ రెండు నిమిషాలకు మించి ఉండలేకపోతున్నారు.

"జాహ్నవీ," అన్నాడు మావ. "బండి డిపోలోంచి బయల్దేరిందా?"

ఆయన కంకణం మీద నూట నాలుగు. ఆ అంకె చూస్తూ నోరు తెరిచాను. దారిలో ఉంది అనే మాట నాలుక మీదకు వచ్చి కూర్చుంది. ముప్పై ఒక్క ఏళ్ల అలవాటు. పార్వతీపురం బెంచీ గుర్తొచ్చింది.

"తెలీదు మావా," అన్నాను. "ఎవరం చూడలేదు."

ఆయన తల ఊపాడు. కిటికీ వైపు తిరిగి, "అలాగైతే సూద్దాం. ఇంకో స్టూలు లాక్కో," అన్నాడు.

లాక్కుని కూర్చున్నాను. కొంతసేపటికి ఆయన కంకణం మీద ఎనభై ఎనిమిది. నాది నూట ఇరవై.

అప్పుడు వెనక స్టాండులో గ్లాసులు మళ్లీ గలగలమన్నాయి. వంటింట్లో ఒక్కరు కూడా తల తిప్పలేదు. కాసేపు మోగి, వాటంతట అవే ఆగిపోయాయి.